నియమిత పాఠాలు, ఉచితమైన కృప

అధ్యక్షుల వారికి, వేదికపై ఉన్న గురువులకు, హైదరాబాదు నలుమూలల నుండి ఈ సంస్కరణ ఆదివారపు కూడికకు వచ్చిన సంఘస్థులందరికీ క్రీస్తు నామమున వందనములు. సంఘ సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ గారి 1517 అక్టోబరు 31 నాటి తొంభై అయిదు సిద్ధాంతాలను గూర్చి మాట్లాడమని నన్ను కోరారు. ఆ చరిత్రను మీరు ఏటా వింటూనే ఉన్నారు గనుక, కొంతకాలంగా నన్ను బాధిస్తున్న ఒక సంగతిని మీ ముందు ఉంచడానికి అనుమతి కోరుతున్నాను. మన ఆరాధనలలో నియమిత వేదపాఠాలు ఒక్కొక్కటిగా తగ్గిపోతున్నాయి. వాటితోపాటు కృపను, అంటే మన అర్హతను చూడక దేవుడు ఉచితంగా చూపే దయను గూర్చిన బోధ కూడా పలచబడుతున్నది.

క్రిస్మసుకు ముందు వచ్చే ఆగమన కాలంతో మొదలయ్యే మన సంఘ సంవత్సరంలో ప్రతి ఆదివారానికి పాత నిబంధన నుండి, కీర్తనల నుండి, అపొస్తలులు సంఘాలకు వ్రాసిన పత్రికల నుండి, సువార్త నుండి పాఠాలు నిర్ణయించబడి ఉన్నాయి. అనేక లూథరన్ సంఘాలు నేడు వాడే మూడేండ్ల పట్టికలో ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా ప్రధానంగా వస్తాయి. ఈ పట్టికను బోధకుడు తన అభిరుచిని బట్టి కూర్చుకోలేదు, వినేవారు తమ అవసరాన్ని బట్టి అడిగి తెచ్చుకోలేదు. మనం కోరని వాక్యం మన దగ్గరకు రావడంలోనే కృప పనిచేసే తీరు కనబడుతుందని నేను నమ్ముతున్నాను.

ఏటా అవే పాఠాలు తిరిగి వచ్చే పాత ఏకవార్షిక పట్టికను చూడండి. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలమైన లెంటుకు ముందు మూడవ ఆదివారాన, అంటే ఉపవాసాల మాట ఇంకా ఎత్తకముందే, మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల ఉపమానం చదవాలి. మన నగరంలో పొద్దున్నే కూలీల అడ్డాలో నిలబడి, సాయంకాలం అయిదు గంటల దాకా ఎవరూ పిలవక మిగిలిపోయిన మనిషిని తలచుకోండి. ఉపమానంలో ఆ గంటలో పనికి వచ్చినవానికీ, పొద్దుటి నుండి పనిచేసినవానితో సమానంగా, యజమానుడు పూర్తి దేనారమే, అంటే ఒక దినపు కూలియే ఇచ్చాడు. ఉపవాసానికి ముందే ఈ పాఠం విన్న సంఘం, తన ఉపవాసాన్ని దేవుని ముందు కూలి లెక్కగా ఎలా చూపించగలదు?

ఇటీవల ఈ నగరంలోనే ఒక ఆరాధనలో కూర్చున్నాను. అతిథులకు శాలువాలు కప్పారు, ప్రకటనలు చదివారు, విరాళాలిచ్చిన వారి పేర్లు చదివారు. ఆ తరువాత సమయాభావం వలన పాత నిబంధన పాఠమూ పత్రిక పాఠమూ మానివేస్తున్నామని ప్రకటించారు. నా పక్కనున్న పెద్దావిడ అప్పటికే గ్రంథం తెరిచి, పాఠం ఉన్న చోట వేలు పెట్టుకొని ఉన్నారు. శాలువాలకు దొరికిన సమయం యెషయాకు దొరకలేదు, పౌలుకు దొరకలేదు. అయ్యలారా, అమ్మలారా, ఇది చిన్న విషయమని దయచేసి అనవద్దు.

లూథర్‌కు కూడా ఆ పాత పట్టికపై ఫిర్యాదు ఉండేది. విశ్వాసాన్ని బోధించే పౌలు భాగాలు అరుదుగా వస్తున్నాయని, నడవడికను గూర్చిన హెచ్చరికలే ఎక్కువగా ఉన్నాయని 1523లో ఆరాధన క్రమంపై వ్రాసినప్పుడు ఆయన విమర్శించారు. అయినా పాఠాలను కొట్టివేయలేదు; ఆ లోటును ప్రజల భాషలో చేసే ప్రసంగం తీర్చాలన్నారు. ఆదివారపు పాఠాలపై బోధకులకు ఉపయోగపడే ప్రసంగాలను స్వయంగా వ్రాసి ఇచ్చారు.

మనమో డిసెంబరు 31 రాత్రి వాగ్దాన వచనపు కార్డు ఒకటి తీసుకొని, ఆ ఒక్క వాక్యంతో ఏడాదంతా గడపడానికి అలవాటుపడుతున్నాము. ఆ కార్డులను నేను తృణీకరించను. కష్టంలో ఉన్న ఎందరినో అవి నిలబెట్టాయి. కానీ మేలు జరుగుతుందన్న మాటలే ఏరుకున్న చోట యిర్మీయా ప్రవక్త గద్దింపు వినబడదు, పాపపు ఒప్పుకోలుకు కారణం దొరకదు, క్షమాపణ ఎంత గొప్పదో తెలిసే అవకాశమే ఉండదు.

1842లో లూథరన్ మిషనరీ హయ్యరు గారు గుంటూరు వచ్చిన నాటి నుండి మన పెద్దలు వాక్యం వినడం కోసమే కూడుకున్నారు. ఆ జిల్లాల నుండి ఉద్యోగాలకై ఈ నగరం చేరిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. సంఘ కమిటీ సభ్యులారా, వచ్చే ఆగమన ఆదివారం నుండి పాఠాలన్నీ పూర్తిగా చదివించే తీర్మానం చేయండి. చదివే యువతీయువకులకు శనివారమే పాఠం ఇచ్చి, తప్పులు లేకుండా చదవడం నేర్పండి. ప్రకటనలను ఆరాధన ముగిసిన తరువాత పెట్టుకోండి.

ఈ ఆదివారానికి నియమించబడిన పత్రిక పాఠం రోమా 3:19–28. నాకిచ్చిన సమయంలో ఇంకా కొన్ని నిమిషాలు మిగిలి ఉన్నాయి గనుక, దానిని మొదటి నుండి చివరి వరకు చదవమని ముందు వరుసలో ఉన్న యవనస్థులలో ఒకరిని కోరుతున్నాను.