'పాణి' అని అడిగిన సారు

వేదిక మీదున్న హెడ్మాస్టరు గారికి, సార్లకు, టీచర్లకు నమస్కారం. కూలి పని మానుకుని తండా నుంచి వచ్చిన యాడిలకు, బాపులకు, అంటే మా అమ్మలకు, నాన్నలకు రామ్ రామ్.

ఈ బడిలో ఒకటో తరగతిలో చేరేనాటికి నాకు తెలుగు రాదు. మా ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి, అంటే లంబాడీల భాష. దాహమైతే ఏమని అడగాలో తెలియక, ఇంటి గంట కొట్టేదాకా నోరు ఎండబెట్టుకుని కూర్చునేదాన్ని. నాలుగో రోజు, ఇవాళ మనం సన్మానం చేస్తున్న ఈ సారే నా పక్కన గొంతుకూర్చుని "పాణి?" అని అడిగారు. మా ఇంటి మాట బడిలో వినబడ్డది అదే మొదలు. ఆ రోజు నేను రెండు గ్లాసుల నీళ్ళు తాగాను.

సారు సాయంత్రాలు తండాకు వచ్చి మా అమ్మను అడిగి మాటలు రాసుకునేవారని తర్వాత తెలిసింది. అమ్మను యాడి అంటారు, రొట్టెను బాటి అంటారు... ఇట్లా ఒక్కొక్కటే. ఆ పని చెయ్యమని ఆయనకు ఏ ఆర్డరూ రాలేదు. పిల్లకు అర్థం కావడం లేదని ఆయనకు అనిపించింది, అంతే.

మొన్న ఆగస్టు 29న ఇదే బడిలో తెలుగు భాషా దినోత్సవం చేశారు. గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం పోరాడారని మనకందరికీ తెలుసు. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు అన్న సంగతి నాకు ఇంకా ఇష్టం. అక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల కోసం, వాళ్ళ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని తాను నేర్చుకున్నారు. లిపి లేని ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. పారితోషికం ఇస్తామని ప్రభుత్వం అంటే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. అది చదివినప్పుడు నాకు మా సారే కళ్ళ ముందు కనిపించారు.

ఈ రోజు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు. 1921లో ఆయన మైసూరు వదిలి కలకత్తాకు వెళ్తుంటే, విద్యార్థులు పూలబండి కట్టి, తామే లాగి రైలు స్టేషన్ దాకా సాగనంపారు. అప్పటికి ఆయన రాష్ట్రపతి కాదు. పాఠం విన్న పిల్లలకే ఆ మనిషి విలువ తెలుసు.

మన సార్లు, టీచర్లు చేసే పని మనకు సగమే కనిపిస్తుంది. జూన్‌లో బడిబాట అని, పిల్లల్ని బడిలో చేర్పించమని ఎండలో ఇల్లిల్లూ తిరుగుతారు. ఒకే గదిలో రెండు తరగతులను కూర్చోబెట్టి, ఒకరికి ఎక్కాలు ఇచ్చి ఇంకొకరికి పాఠం చెబుతారు. ఓట్ల డ్యూటీ వాళ్ళదే. 2024 నవంబర్‌లో కులగణన వచ్చినప్పుడు పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి గడప గడపకూ ఫారాలు. రాత్రి ఇంట్లో నోట్సులు దిద్దడం ఎట్లాగూ ఉంటుంది. పత్తి ఏరే రోజుల్లో పిల్ల రాకపోతే చేను గట్టు మీద బండి ఆపేది కూడా వాళ్ళే. యాడీ, బాపూ, మీకు చేతులెత్తి చెబుతున్నా. ఆ సారు గట్టు దాకా వచ్చాక పిల్లను పంపండి. మీరు కప్పే శాలువా కన్నా ఆయనకు అదే ఎక్కువ.

నేనిప్పుడు ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. మిర్చి కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు. సూది చేతిలోకి తీసుకునే ముందు, నొప్పిని, జ్వరాన్ని వాళ్ళ మాటలో ఏమంటారో అడిగి చిన్న పుస్తకంలో రాసుకుంటాను. సారూ, ఆ పుస్తకం మీకు చూపిద్దామని తెచ్చాను. అందులో మొదటి పేజీలో పైన 'పాణి' అని రాసి ఉంది. అది మీ మాట.

దండలు తర్వాత వేద్దాం. ముందు మా బ్యాచ్ వాళ్ళు ఒక్కొక్కరే మైకు దగ్గరికి రండి. గొప్పవారు, దేవుడు అనొద్దు. ఏ రోజు, ఏ తరగతిలో, మీకోసం ఏం చేశారో అది చెప్పండి, సారు కూర్చుని వింటారు. తమ్ముడూ, వెనక ఆటోకు ఆనుకుని నిలబడ్డావు, నువ్వే ముందు రా. పదో తరగతి ఫీజు సంగతి నువ్వే చెప్పాలి.