గద్వాల మగ్గం ముందు కెమెరా: షూటింగ్ ప్రొడ్యూసర్ పని ఏమిటి?

[దృశ్యం: తెల్లవారుజాము, ఎర్రవల్లి చౌరస్తా. వ్యాను పైన కట్టిన లైట్ స్టాండ్లు, టీ కొట్టు దగ్గర యూనిట్.]

వ్యాఖ్యానం: సినిమాల వలన నిర్మాత అంటే డబ్బు పెట్టే మనిషి అన్న అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. చీరల కేటలాగు, వ్యాపార ప్రకటన, పర్యాటక చిత్రం వంటి షూటింగులలో మాత్రం ప్రొడ్యూసర్ తన డబ్బు పెట్టడు. పని అప్పగించినవారి డబ్బు ఖర్చు చేసి, ప్రతి రూపాయికీ లెక్క చెబుతాడు. ఫొటోగ్రాఫర్ నిలబడటానికి చోటు, ఆ చోటుకు అనుమతి, కరెంటు, వేళకు భోజనం ముందుగానే సిద్ధం చేసి ఉంచడం ఇతని బాధ్యత.

[దృశ్యం: గుంట మగ్గం. నూలు బట్టకు పట్టు అంచు కలిసే చోటు, అతి దగ్గరగా.]

గద్వాల చీర గొప్పతనమంతా నూలు బట్టకు పట్టు అంచును కలిపే ఈ అతుకులోనే ఉంది కాబట్టి ఏ ఫొటోగ్రాఫరైనా దీనినే అడుగుతాడు. అయితే మగ్గం ఉన్న గది సాధారణంగా చీకటిగా ఉంటుంది. గోడకున్న 5 ఆంపియర్ల ప్లగ్గు నుంచి 230 వోల్టుల వద్ద సుమారు 1,150 వాట్లకు మించి తీసుకోకూడదు. వెయ్యి వాట్ల హాలోజన్ దీపాలు రెండు వెలిగిస్తే ఫ్యూజు పోవడమే కాక, ఆ చిన్న గదిలో వేడికి నేతగాడు కూర్చోలేడు. అందువల్ల ఎల్‌ఈడీ దీపాలు తెప్పించాలి, లేదా జనరేటర్ పెట్టాలి. జనరేటర్ పెడితే దాని మోత మగ్గం చప్పుడును మింగేస్తుంది కనుక దానిని పక్క సందులో నిలిపి, అక్కడి నుంచి కేబుల్ లాగాలి. ఎంత పొడవు కేబుల్ కావాలో రెక్కీ రోజునే, అంటే షూటింగుకు ముందు చోటు చూడటానికి వెళ్ళినప్పుడే, కొలిచి రాసుకోవాలి.

ప్రొడ్యూసర్‌గా నా మొదటి షూటింగులో ఇవన్నీ కొలిచాను, వాతావరణం చూశాను, ఎవరు ఎన్నింటికి ఎక్కడికి రావాలో రాసిన కాల్ షీట్ అందరికీ పంపాను. ఉదయం ఏడింటికి యూనిట్‌తో దిగేసరికి మగ్గం మీద గుడ్డ కప్పి ఉంది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన, "అమాస నాడు మగ్గమెక్కం గద సారూ, మీకెవ్వరు చెప్పలేదా?" అన్నారు. ఎవరూ చెప్పలేదనడం సరికాదు, నేనే అడగలేదు. ఒక రోజు బత్తాలు, వాహనం అద్దె వృథా అయ్యాయి. అప్పటి నుంచి తేదీ ఖరారు చేసే ముందు పంచాంగం కూడా చూస్తున్నాను.

[దృశ్యం: ఆలంపురం ఆలయ శిఖరాలు, తుంగభద్ర తీరం.]

మరుసటి రోజు ఆలంపురంలో చీరలు కట్టించి ఫొటోలు తీయాలనుకుంటే నియమాలు మారతాయి. బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. యాత్రికుడు ఫోనుతో తీసుకునే ఫొటో వేరు, వ్యాపార చిత్రీకరణ వేరు. రెండవదానికి ఆ శాఖ అనుమతి చేతికి వచ్చిన తరవాతే మోడల్‌కు అడ్వాన్సు ఇవ్వాలి. డ్రోన్ విషయంలో 2021 నాటి నిబంధనల ప్రకారం డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైటు పటంలో ఆకుపచ్చగా చూపిన చోట 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు, కానీ 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వ్యాపారానికి ఎగురవేసే వ్యక్తికి పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. జూరాల ప్రాజెక్టు వంటి చోట్ల పటం ఏ రంగు చూపినా, నేను అధికారుల చేత రాతపూర్వకంగా అనుమతి తీసుకోకుండా డ్రోన్ పెట్టె తెరవనివ్వను.

[దృశ్యం: సాయంత్రం. అరుగు మీద ల్యాప్‌టాప్, రెండు హార్డ్ డిస్కులు.]

ప్యాకప్ చెప్పాక కెమెరా కార్డులను రెండు డిస్కులలోకి ఎక్కించి, ఆ రెండింటినీ వేర్వేరు వాహనాలలో పంపాలి. మన కోసం మగ్గం ఆగిన గంటలకు నేతగాడికి రావలసిన కూలి బడ్జెటులో ముందే రాసి ఉండాలి. ఆ డబ్బు ఆయన చేతిలో పెట్టి, వోచరు మీద సంతకం తీసుకున్న తరవాతే వ్యాను కదలాలి.