పిన్నీసు పక్కన పెట్టండి అక్కా

అందరికీ నమస్కారం. పలాసలో జీడి పని ముగించుకుని నేరుగా ఇక్కడికి వచ్చిన అక్కలున్నారు, కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టను.

పళ్లు తోమకుండా టీ కూడా ముట్టని ఇళ్లు మనవి. మరి రాత్రి? చేపల పులుసుతో అన్నం తిని, నీళ్లు పుక్కిలించి పడుకుంటాం. పగలంతా పళ్లని కడుగుతూ ఉండేది లాలాజలమే, నిద్రలో అది బాగా తగ్గిపోతుంది, ఇక పాచిలోని క్రిములు నోట్లో మిగిలిన మెతుకుల మీద బతుకుతూ తెల్లవార్లూ పళ్లని తినేసే యాసిడ్ తయారుచేస్తాయి. అందుకే రాత్రి తోమడం అసలు మానొద్దు. రెండు పూటలా, రెండేసి నిమిషాలు, ఫ్లోరైడ్ పేస్టుతో. బొగ్గు, కచ్చిక వద్దు, వాటితో ఎనామిల్, అంటే పంటి గట్టి పైపొర, అరిగిపోతుంది, అరిగింది మళ్లీ రాదు.

బ్రష్ ఎంత మంచిదైనా పంటికీ పంటికీ మధ్య సందులోకి దూరదు. అక్కడ మాంసం పీచు ఇరుక్కుంటే పుస్తెల తాడుకున్న పిన్నీసు తీస్తాం, లేదంటే చీపురు పుల్ల. మా అమ్మా అంతే. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని ఆ వైపు తోమడమే మానేసింది. పాచి గట్టిపడి గార కట్టింది, పైగా షుగర్. షుగర్ ఉంటే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్లు చెడితే షుగర్ అదుపులోకి రావడం కష్టం. 55 ఏళ్లకే కింది ముందు పళ్లు నాలుగు ఊడిపోయాయి, ఎంతో ఇష్టమైన పనస తొన కొరకలేకపోయేది. నేనప్పుడు పళ్ల డాక్టరు చదువే చదువుతున్నాను, సెలవులకి వచ్చినప్పుడు ఒక్కసారైనా నోరు తెరవమని అడిగి చూడలేదు, ఆ బాధ ఇంకా ఉంది. రక్తం వచ్చేచోట సాధారణంగా పాచి ఉంటుంది, మెత్తటి బ్రష్‌తో అక్కడే ఇంకాస్త ఓపిగ్గా తోమాలి. పది రోజుల్లో తగ్గకపోతే చూపించుకోవాలి.

ఇదిగో, ఇది ఫ్లాస్, పళ్ల సందులు శుభ్రం చేసే దారం. మూరెడు తీసుకుని రెండు చేతుల మధ్యవేళ్లకి చుట్టండి, మధ్యలో అంగుళం వదలండి. సందులోకి ముందుకీ వెనక్కీ ఆడిస్తూ దించాలి, ఒక్కసారిగా నొక్కితే చిగురు తెగుతుంది. దిగాక దారాన్ని పంటికి వంచి ఆనించి, పైకీ కిందకీ రెండుమూడు సార్లు గీకండి, తర్వాత పక్క పంటిని. తీసిన దారం వాసన చూడండి, నోటి కంపు ఎక్కడ పుడుతోందో తెలుస్తుంది. కుట్టుదారం మాత్రం వాడకండి, చిగురు కోసుకుంటుంది.

సముద్రం ఒడ్డు ఊళ్ల పెద్దమ్మలకి ఒక మాట. అడ్డపొగ, అదే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టి కాల్చడం, అంగిట్లో క్యాన్సర్ తెస్తుంది, ఎంత తోమినా దాన్ని ఆపలేం. దయచేసి మానేయండి. అంగిట్లో తెల్లమచ్చ గానీ మానని పుండు గానీ ఉంటే సిగ్గుపడకుండా ఈ రోజే నాకు చూపించండి.

అద్దం తెచ్చాను, అందరికీ సరిపడా ఫ్లాస్ కూడా ఉంది. ముందు వరసలో పచ్చచీర అక్కా, మీరు రండి, మీతోనే మొదలుపెడదాం.