ఐపాడ్ హై-ఫై: ఐపాడ్ లేకుండా ఇప్పుడు కొనొచ్చా?

నమస్తే అండీ, నెల్లూరు నుంచి. ఈ తెల్ల పెట్టె ఐపాడ్ హై-ఫై, అంటే యాపిల్ వాళ్ల చిన్న పాటల ప్లేయర్ ఐపాడ్‌ని పైన పెట్టి వినే స్పీకర్. యాపిల్ వాళ్లు 2006 ఫిబ్రవరిలో 349 డాలర్లకి దించి, 2007 సెప్టెంబర్‌లో ఆపేశారు. సెకండ్ హ్యాండ్‌లో యాడన్నా దొరికితే తీసుకోవచ్చా అనేదే ఈ వీడియో.

ఎత్తి చూపిస్తా ఉండండి. అబ్బా! ఆరున్నర కేజీలు, అదీ సెల్లులు లేకుండా. అటూ ఇటూ పట్టుకోను చోటిచ్చి, ఎక్కడికైనా మోసుకుపొమ్మన్నారు. సెల్లులు ఆరు పడతాయి, రొయ్యల గుంటల కాడ కాపలావాళ్లు టార్చిలైట్లో వేసే లావు సెల్లులు. నేనైతే కరెంటుకే పెడతా.

పైన ఈ 30 పిన్నుల గాడే డాక్, ఐపాడ్‌ని కూర్చోబెట్టే చోటు. 2012లో ఐఫోన్ 5తో యాపిలే ఈ పిన్ను మార్చేసింది. 2022లో ఐపాడ్‌లనే మానేసింది. ఇప్పటి ఫోను దీని మీద కూర్చోదు. బ్లూటూత్ లేదు, రేడియో లేదు.

ఇక వెనక్కి తిప్పుతున్నా, అసలు సంగతి ఇక్కడుంది. ఈ చిన్న బొక్క చూస్తే మామూలు 3.5 ఎంఎం ఆక్స్, ఇయర్‌ఫోన్ పిన్ను సైజుది. కానీ సౌండ్‌ని వెలుతురుగా పంపే ఆప్టికల్ వైరు కూడా ఇందులోనే దూరుతుంది. ఇటు కొస మినీ టాస్‌లింక్ అనే సన్న గుండ్రటి పిన్ను, టీవీ వైపు కొస మామూలు చదరం పిన్ను ఉన్న వైరు అడగండి. టీవీ సెట్టింగ్‌లో ఆడియో పీసీఎం (సౌండ్‌ని కుదించకుండా పంపే పద్ధతి) పెట్టాలి, మర్చిపోవద్దు. ఫోనుకైతే చిన్న బ్లూటూత్ రిసీవర్ తగిలిస్తే సరి.

సౌండ్ ఎట్టుందంటే... పాట పెడితే కాపీరైట్ పడుద్ది, మీరు నా మాట నమ్మాల్సిందే. మధ్యలో బేస్ ఇచ్చే 130 ఎంఎం ఊఫర్, పక్కన 80 ఎంఎం స్పీకర్లు రెండు. బేస్ గదంతా నిండుద్ది, ఎక్కువ సౌండ్‌లోనూ బొంగురు పోదు. మన బాలు గారి పాత మెలొడీలకి మాత్రం ఆ బేసే అడ్డం, గొంతు కాస్త వెనకబడినట్టుంటది. తగ్గిద్దామంటే రిమోట్‌లో ఆ సౌకర్యం లేదు. బేస్ తగ్గించే మెనూ డాక్‌లో పెట్టిన ఐపాడ్‌లోనే వస్తది. ఫోను ఈక్వలైజర్‌లో తగ్గించుకోండి. ఒకే పెట్టె కాబట్టి స్టీరియోలో ఎడమ, కుడి విడిగా వినపడాలని ఆశ పడొద్దు.

డాక్ బ్రహ్మాండంగా పనిచేస్తుందని అమ్మేవాళ్లు రేటు పెంచితే, దానికి పైసా ఎక్కువ ఇవ్వబాకండి. మీ ఆక్స్ వైరు తీసుకెళ్లి, ముందు జాలీ ఊడదీసి మూడు స్పీకర్లూ చూసి, పాట ఆపాక గుయ్యిమని మోత వస్తందేమో వినండి. ఇంటికొచ్చాక టేకు బల్ల మీద నేరుగా పెట్టొద్దు, అడుగు రబ్బరు మరక పడుద్ది. ఏదన్నా గుడ్డ వేసుకోండి.