కుక్కి మంచంలో ఎలక్ట్రాన్

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో నిలబడి తెలుగులో సైన్సు చెప్పాలంటే నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు, ఇక్కడ గ్రాంథికం మాట్లాడితే తప్పు. అందుకే సోలార్ సెల్‌లో ఎలక్ట్రాన్ ఎలా నడుస్తుందో చెప్పడానికి మంచం సంగతితో మొదలుపెడతాను.

బిగించిన నులక మంచం మీద పిల్లాడు కూర్చుంటే నులక కొద్దిగా దిగుతుంది. వాడు జరిగితే ఆ పల్లమూ వాడితోనే జరుగుతుంది. అదే కుక్కి మంచమైతే గుంటలో కూరుకుపోతాడు, ఎవరో చెయ్యి అందిస్తే తప్ప లేవలేడు.

స్ఫటికంలో పరమాణువులు ఊరికే ఉండవు, ఊగుతుంటాయి. ఆ ఊపునే ఫోనాన్ అంటాం. సోలార్ సెల్‌లో వాడే పెరోవ్‌స్కైట్ అనే స్ఫటికంలో లోహం ధనావేశంతో, దాని చుట్టూ ఉన్న అయోడిన్ లేదా బ్రోమిన్ రుణావేశంతో ఉంటాయి. ఇవి ఎదురెదురుగా ఊగినప్పుడు విద్యుత్ క్షేత్రం పుడుతుంది. ఎండ తగిలి విడుదలైన ఎలక్ట్రాన్ దానికి చిక్కుతుంది, చుట్టూ ఉన్న అయాన్లను కదిలించి తనకో పల్లం చేసుకుంటుంది. ఎలక్ట్రాన్‌ని, పల్లాన్ని కలిపి పోలరాన్ అంటారు.

సీసంతో చేసిన పెరోవ్‌స్కైట్ కూడా మెత్తనిదే, నులకలా దిగుతుంది. అయితే అక్కడ పల్లం విశాలంగా పరుచుకుంటుంది, ఎలక్ట్రాన్ నెమ్మదిస్తుంది కానీ ఆగదు. 2009లో జపాన్‌లో 3.8 శాతంతో మొదలైన ఆ సోలార్ సెల్ సామర్థ్యం (ఎండని కరెంటుగా మార్చే వంతు) ఇప్పుడు 26 దాటింది. చిక్కల్లా సీసం విషం కావడమే. పలక పగిలి వాన పడితే అది చేలోకి దిగుతుంది.

అందుకే సీసం తీసేసి వెండిని, బిస్మత్‌ని ఒకదాని పక్కన ఒకటి పేర్చారు. 2016లో వచ్చిన ఈ సీజియం వెండి బిస్మత్ బ్రోమైడ్ గాలికీ తేమకీ బాగా తట్టుకుంటుంది. నేనూ దీనిమీద చాలా ఆశ పెట్టుకున్నాను. కానీ రెండు లోహాలు మారిమారి ఉండటంతో ఎలక్ట్రాన్‌కి దారి ఇరుకవుతుంది. నిదానంగా నడిచేవాడి కింద నులక ఎక్కువ దిగుతుంది కదా! సుమారు ఒక పికోసెకండులో, అంటే సెకండులో లక్ష కోట్లవ వంతులో, అది ఒకచోట కూరుకుపోతుంది. ఇక్కడ ఎలక్ట్రాన్‌ని గట్టిగా పట్టుకునే ఊపు శక్తి సుమారు 22 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. మన గదిలోని వేడి వల్ల వచ్చే శక్తి అదే కొలతలో 25 దాకా ఉంటుంది. కాబట్టి ఆ ఊపుకి నిద్రన్నదే లేదు.

తప్పంతా ఊపుదే అనను. ఈ పదార్థం ఎరుపు కాంతిని పెద్దగా తీసుకోదు, అదీ ఒక లోపమే. ఎంత మెరుగుపరచినా సామర్థ్యం 6 శాతం దగ్గరే తచ్చాడుతోంది.

సీసం బదులు తగరం పెట్టిన పెరోవ్‌స్కైట్ సంగతి వేరు. అందులో ఎలక్ట్రాన్ చురుగ్గానే తిరుగుతుంది, సామర్థ్యం 15 శాతం దాటింది. కానీ గాలి తగిలితే తగరం ఆక్సీకరణ చెందుతుంది. మంచం బిగువుగానే ఉంది, నులకే చివికిపోతోంది.