నగరంలో ఆసరా లేని పిల్లలు: వసతి, చదువు, వెంట నిలిచే మనిషి

సభాధ్యక్షులకు, బాలల సంక్షేమ సమితుల సభ్యులకు, ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులకు, వసతి గృహాల్లో రాత్రింబవళ్లు పిల్లల మధ్యనే గడిపే అమ్మలకు, అక్కలకు నమస్కారం.

నగరాల్లో ఆసరా లేని పిల్లల వసతి, చదువు గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఈ విషయం చర్చకు వచ్చినప్పుడల్లా భవనం, మంచాలు, భోజనం, నిధులు అనే నాలుగు మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. అవన్నీ అవసరమే. అయితే ఒక వసతి గృహం బాగా నడుస్తోందో లేదో తెలుసుకోవాలంటే నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: నిరుడు ఈ పిల్లలకు జడలు వేసి, జ్వరం వస్తే పక్కన కూర్చుని, బడికి పంపిన మనిషే ఈ ఏడాది కూడా ఇక్కడ ఉన్నారా? ఉన్నారంటే మిగతా లోపాలను ఒక్కొక్కటిగా సరిదిద్దుకోవచ్చు. ఏడాదికో మనిషి మారుతుంటే ఎంత మంచి భవనమైనా పిల్లకు రైల్వే స్టేషన్ లాంటిదే అవుతుంది. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

ముందుగా ఈ పిల్లలు ఎవరో స్పష్టంగా చెప్పుకుందాం. వీళ్లంతా తల్లిదండ్రులు లేని పిల్లలన్న అభిప్రాయం సమాజంలో బలంగా ఉంది. హైదరాబాద్‌లో నాంపల్లి, సికింద్రాబాద్ స్టేషన్ల దగ్గర, అఫ్జల్‌గంజ్ ఫుట్‌పాత్‌ల మీద, ఇమ్లీబన్ బస్ స్టేషన్ చుట్టుపక్కల పెరిగే పిల్లల్లో చాలామందికి తల్లో, తండ్రో, అమ్మమ్మో ఉంటారు. చెత్త ఏరే తల్లి, అడ్డా మీద కూలి కోసం ఎదురుచూసే తల్లి, తెల్లవారుజామునే పాచిపనికి వెళ్లే తల్లి తన బిడ్డను ఎవరి దగ్గర వదలాలో తెలియక సతమతమవుతుంది. పాలమూరు నుంచి వచ్చిన భవన నిర్మాణ కూలీల పిల్లలు కట్టడం పూర్తయ్యేదాకా ఒకచోట, ఆ తర్వాత మరోచోట ఉంటారు. ఒడిశాలోని బలంగీర్ ప్రాంతం నుంచి ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల పిల్లలకు మన బడిలో వినిపించే భాషే కొత్త. ఆడపిల్లకు తొమ్మిదేళ్లో పదేళ్లో వచ్చేసరికి, ఫుట్‌పాత్ మీద రాత్రి గడవడం తల్లికి భయంగా మారుతుంది. అలాంటి తల్లులు చాలామంది తామే వెతుక్కుంటూ వచ్చి పిల్లను హోంలో చేర్పిస్తారు. ఆ తల్లి బిడ్డను వదిలించుకోవడానికి వచ్చిందని అనుకునే వార్డెన్ మొదటి రోజే తప్పుదారిలో అడుగు పెట్టినట్టు.

ఇల్లు లేని పిల్లలను, వీధిలో బతికే పిల్లలను, పనిచేస్తూ, అడుక్కుంటూ దొరికిన పిల్లలను 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సంరక్షణ, పరిరక్షణ అవసరమైన పిల్లలుగా గుర్తించింది. అలాంటి పిల్లను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. సామాజిక కార్యకర్త 15 రోజుల్లో కుటుంబ పరిస్థితిపై విచారణ పూర్తి చేయాలి. సమితి నాలుగు నెలల్లోగా తుది ఉత్తర్వు ఇవ్వాలి. వసతి గృహంలో ఉంచడమన్నది మిగతా మార్గాలన్నీ చూసిన తర్వాతే ఎంచుకోవాల్సిన చివరి మార్గమని కూడా ఆ చట్టమే చెబుతుంది. ఈ సూత్రంతో నాకు పేచీ లేదు. కానీ దాని అమలు తీరుపై ఉంది. దాని గురించి కాసేపట్లో మాట్లాడతాను.

పేద పిల్లలకు వసతితో కూడిన చదువు మన ప్రాంతానికి కొత్త కాదు. ఆరో నిజాం కాలంలో సరూర్‌నగర్‌లో మొదలైన విక్టోరియా మెమోరియల్ హోం శతాబ్దం దాటి నడుస్తోంది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో పి.వి. నరసింహారావు హయాంలో మొదలైన గురుకులం పల్లెల్లోని పేద విద్యార్థులకు కొత్త దారి చూపింది. నేటి గురుకులాల వ్యవస్థ ఆ బాటలోనే విస్తరించింది. దాన్ని చూసి గర్వపడే హక్కు మనకుంది. అయితే ఆ గేటు దాటాలంటే ఐదో తరగతిలో చేరడానికి ప్రవేశ పరీక్ష రాయాలి, గడువులోగా దరఖాస్తు చేయాలి, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు చూపాలి. పదేళ్లు వచ్చేదాకా బడి గడప తొక్కని పిల్ల, ఏ పత్రమూ లేని తల్లి ఆ వరుసలో నిలబడలేరు. గురుకులాలు ఎన్ని పెరిగినా ఈ పిల్లలకు వేరే ద్వారం కావాల్సిందే.

ఆ ద్వారం తెరవడానికి రెండు అనుభవాలు దారి చూపాయి. ఒకటి మన రంగారెడ్డి జిల్లాది. 1990లలో ఆచార్య శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లలను బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో ఉంచి చదివించి, వయసుకు తగిన తరగతిలో నేరుగా ప్రభుత్వ బడిలో చేర్పించింది. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో ఆరేళ్ల పిల్లల పక్కన కూర్చోబెడితే ఆ పిల్ల సిగ్గుతోనే బడి మానేస్తుందని, కొన్ని నెలలు శ్రద్ధగా చెబితే తన ఈడు పిల్లలను అందుకోగలదని ఆ శిబిరాలు చేసి చూపాయి. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలు. వయసుకు తగిన తరగతిలో ప్రవేశం, అందుకు ప్రత్యేక శిక్షణ అనే అంశాలు 2009 నాటి విద్యా హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో చేరాయి.

రెండోది కోల్‌కతా అనుభవం. 1979లో సియాల్దాలోని లొరెటో పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా వచ్చిన సిస్టర్ సిరిల్, చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద బతికే పిల్లలకు తన బడి తలుపులు తెరిచారు. ఆ బడిలో ఫీజు కట్టి చదివే అమ్మాయిలే ఈ పిల్లలకు పాఠాలు చెప్పేవారు. తర్వాత బడిలోనే వారు ఉండడానికి చోటు ఏర్పడింది. రెయిన్‌బో హోమ్స్ అనే ఆలోచన అక్కడ పుట్టి హైదరాబాద్‌కు వచ్చి, ఇక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో ఖాళీగా పడి ఉన్న గదులను ఆడపిల్లల వసతిగా మార్చింది. విద్యా హక్కు చట్టం వచ్చాక సర్వశిక్షా అభియాన్ నిబంధనల్లో నగరాల్లోని ఇలాంటి పిల్లల వసతికి చోటు దొరికింది. ఇప్పుడది సమగ్ర శిక్ష పరిధిలో కొనసాగుతోంది.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది దాని చిరునామా. ఊరి చివర ఎత్తయిన ప్రహరీ వెనక కాకుండా, పిల్ల పుట్టి పెరిగిన బస్తీకి దగ్గరలోనే హోం ఉంటుంది. ఆదివారం నాడు తల్లి నడిచో, సిటీ బస్సులోనో వచ్చి బిడ్డను చూసుకుంటుంది. వసతి గృహంలోనే బడి పెట్టి పిల్లలను లోకానికి దూరంగా ఉంచడం కన్నా, పొద్దున్నే బ్యాగు తగిలించుకుని చుట్టుపక్కల ఇళ్ల పిల్లలతో కలిసి ప్రభుత్వ బడికి వెళ్లనివ్వడం మేలు. హోం పిల్లలంటూ తరగతిలో వాళ్లను వేరుగా కూర్చోబెట్టే అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే, ప్రధానోపాధ్యాయులు దాన్ని వెంటనే మాన్పించాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఉపాధ్యాయ మిత్రులకు ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఈ పిల్లకు అక్షరాలు రాకపోవచ్చు గానీ, ఆమె ఏమీ రాని పిల్ల కాదు. సిగ్నల్ దగ్గర పూలు అమ్మిన పిల్ల యాభై రూపాయల నోటుకు చిల్లర ఎంత ఇవ్వాలో క్షణంలో చెబుతుంది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిపి అందరితో మాట్లాడగలుగుతుంది. నోటి లెక్క నుంచి పలక మీది లెక్కకు, మాట్లాడే భాష నుంచి పుస్తకంలోని భాషకు తీసుకెళ్తే ఆమె చురుగ్గా అందుకుంటుంది. వర్ణమాల దగ్గరే నెలల తరబడి నిలబెడితే విసిగిపోతుంది. మొదటి నెలల్లో తరగతిలో నిద్రపోవడం, చిన్న మాటకే కొట్లాటకు దిగడం, దిండు కింద రొట్టె దాచుకోవడం, పక్క తడపడం మామూలే. రేపు కూడా అన్నం దొరుకుతుందన్న నమ్మకం కుదరడానికి సమయం పడుతుంది. ఆ సమయంలో దండిస్తే పిల్ల మళ్లీ వీధినే ఎంచుకుంటుంది. వెళ్లిపోయి తిరిగొచ్చిన పిల్లను ముందు అన్నం తిన్నావా అని అడగాలి. ఎక్కడికి పోయావని ఆరా తీయడం మర్నాడు కూడా చేయవచ్చు.

పత్రాల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఈ పిల్లల భవిష్యత్తు ఇరుక్కునేది అక్కడే. వయసు ధ్రువీకరణ లేదని, టీసీ రాలేదని బడిలో ప్రవేశం నిరాకరించకూడదని విద్యా హక్కు చట్టం చెబుతోంది కాబట్టి చేరిక జరిగిపోతుంది. ఆ రోజు రిజిస్టర్‌లో ఎవరికి తోచిన పుట్టిన తేదీ వాళ్లు వేస్తారు. ఇంటిపేరు ఒకచోట ఒకలా, మరోచోట మరోలా నమోదవుతుంది. ఆధార్‌లో ఇంకో తేదీ ఉంటుంది. పదో తరగతి పరీక్ష దరఖాస్తు నింపే రోజున ఈ తేడాలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. పదో తరగతి మెమోలో పడిన పుట్టిన తేదీ జీవితాంతం వెంట వస్తుంది. అందుకే పిల్ల చేరిన తొలి వారంలోనే ఒక ఫైలు తెరిచి, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని పేరు, ఇంటిపేరు, పుట్టిన ఊరు, కాన్పు జరిగిన ఆసుపత్రి వివరాలు రాసుకుని, జనన ధ్రువీకరణ నుంచి కుల ధ్రువీకరణ దాకా ఒక వరుసలో సాధించాలి. ఇది ఒక నెలలో తేలే పని కాదు. మీసేవకు, తహసీల్దారు కార్యాలయానికి మళ్లీ మళ్లీ తిరిగే ఓపిక ఉండాలి, మొదటి నుంచి ఆ కథంతా తెలిసి ఉండాలి. ఆ పని చూసే మనిషి మారిన ప్రతిసారీ ఫైలు మళ్లీ మొదటికి వస్తుంది.

మనుషులు మారుతూ ఉంటే పిల్లలకు ఏమవుతుందో ఒక విదేశీ అనుభవం చెబుతుంది. రుమేనియాలో నియంత చౌషెస్కూ పాలన ముగిశాక అక్కడి ప్రభుత్వ శిశు గృహాల్లో వేలాది పసిపిల్లలు మిగిలిపోయారు. 2000లో బుకారెస్ట్‌లో మొదలైన అధ్యయనంలో 136 మంది పిల్లలను తీసుకుని, కొందరిని పెంపుడు కుటుంబాలకు అప్పగించి, కొందరిని మామూలు ఏర్పాటులోనే కొనసాగనిచ్చి, ఏళ్ల తరబడి వారి ఎదుగుదలను గమనించారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు, అందులోనూ దాదాపు రెండేళ్లు నిండకముందే వెళ్లినవారు, ఎన్నో విషయాల్లో మెరుగ్గా ఎదిగారు. షిఫ్టుల వారీగా మారే సిబ్బంది చేతుల్లో పసివాళ్లకు తమదంటూ ఒక మనిషి దొరకలేదు. మనం దీన్నుంచి గ్రహించాల్సింది ఏమిటంటే, పసిపిల్లలను హాళ్లలో పెంచకూడదు. పెద్ద పిల్లలను ఉంచక తప్పనప్పుడు చిన్న గుంపులుగా ఉంచి, ఒక్కో గుంపుకు మారని ఒక పెద్దదిక్కును ఇవ్వాలి.

జువెనైల్ జస్టిస్ చట్టం కింద వచ్చిన 2016 నాటి నమూనా నియమాలు యాభై మంది పిల్లలకు రెండు పడక హాళ్లు, ఒక్కో హాలులో పాతిక మంది, ఒక్కొక్కరికి 40 చదరపు అడుగుల చొప్పున లెక్క చెబుతాయి. చోటు లెక్క సరిపోవచ్చు. పాతిక మంది నిద్రను ఒక మనిషి కాపలా కాయగలదు గానీ, ఎవరు ఏ పీడకలకు ఉలిక్కిపడి లేచారో తెలుసుకోవడం ఆమెకు సాధ్యం కాదు. ఆ మనిషికి మనం ఇచ్చే వేతనం తక్కువ, సెలవు దొరకడం కష్టం, కాంట్రాక్టు ఏడాదికోసారి పునరుద్ధరిస్తారో లేదో తెలియదు. మెరుగైన జీతం దొరికిన రోజున ఆమె వెళ్లిపోతే తప్పు పట్టలేం. కానీ అప్పటికే ఒకసారి తల్లికి దూరమైన పిల్ల రెండోసారి దూరమవుతుంది. వేదికపై ఉన్న అధికారులను నేను కోరేది ఇదే: కొత్త భవనానికి నిధులు అడిగే ముందు హోం అమ్మల ఉద్యోగాన్ని కనీసం ఐదేళ్ల కాలానికి ఖాయం చేసి, వారానికి ఒక పూర్తి సెలవు రోజు, ఆ రోజుకు బదులు మనిషి ఉండేలా ఏర్పాటు చేయండి.

ఇక కుటుంబానికి తిరిగి పంపడం గురించి. 2022లో వచ్చిన, కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం, అర్హులైన పిల్లలు ఇంట్లోనే పెరగడానికి నెలకు 4000 రూపాయల స్పాన్సర్‌షిప్ సాయం అందుతుంది. అద్దె గది ఉండి, చిన్నపాటి ఆదాయం ఉన్న తల్లికి ఈ సాయం అందితే బిడ్డ హోంకు రావాల్సిన అవసరమే ఉండదు. అలాంటి చోట హోం సీటు ఇవ్వడం కన్నా సాయం ఇప్పించడమే సరైన పని. ఫుట్‌పాత్ మీదే ఉన్న తల్లి విషయం వేరు. తెలంగాణలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ అనే, పిల్లలను వెతికి రక్షించే కార్యక్రమాలు జరుగుతాయి. పోలీసులు, అధికారులు కష్టపడి పిల్లలను కాపాడతారు. అందులో ఎంతమందిని కుటుంబాలకు అప్పగించారో ప్రకటిస్తారు. అప్పగించిన నెల తర్వాత ఆ పిల్ల బడిలో ఉందో, మళ్లీ సిగ్నల్ దగ్గర ఉందో చూసి ఆ లెక్క కూడా ప్రకటించాలని నా విన్నపం. 2020 సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఎనిమిది రాష్ట్రాలను, మన రెండు తెలుగు రాష్ట్రాలతో సహా, హోంలలోని పిల్లలను వంద రోజుల్లో కుటుంబాలకు చేర్చాలని కోరింది. కరోనా తొలి ఏడాదిలో కూలి పనులు లేక కుదేలైన ఇళ్లకు, బడులు మూతపడి ఉన్న రోజుల్లో, గడువు పెట్టి పిల్లలను పంపమనడం ఆ చివరి మార్గం సూత్రాన్ని అర్థం చేసుకున్న తీరు కాదు. పిల్ల ఎప్పుడు తిరిగి వెళ్లాలో నిర్ణయించాల్సింది తల్లి ఇంటి పరిస్థితి, పిల్ల అభిప్రాయం.

చివరగా పద్దెనిమిదేళ్ల సమస్య. పదేళ్లకు బడిలో చేరిన పిల్ల, అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టింది కాబట్టి, పద్దెనిమిది నిండేనాటికి ఒక్కోసారి పదో తరగతిలోనో, ఇంటర్ మధ్యలోనో ఉంటుంది. చట్టం దృష్టిలో ఆ రోజుతో ఆమె బాల్యం ముగుస్తుంది. ఆ తర్వాత కూడా 21 ఏళ్ల వరకు, అసాధారణ పరిస్థితుల్లో 23 ఏళ్ల వరకు ఆఫ్టర్ కేర్, అంటే హోం విడిచాక అందే అండ, ఇవ్వవచ్చని నియమాల్లో ఉంది. ఐటీఐ, పాలిటెక్నిక్, నర్సింగ్, డిగ్రీ ఏదైనా పూర్తి కావడానికి పట్టే కాలం అదే. కానీ ఆ ఉత్తర్వు కోసం పద్దెనిమిది నిండాక దరఖాస్తు పెడితే మధ్యలో కొన్ని నెలలు పిల్ల ఎక్కడా లేనిదవుతుంది. కాబట్టి సమితి సభ్యులు పదహారేళ్ల వయసులోనే ప్రతి పిల్ల సంరక్షణ ప్రణాళికను తెరిచి, ఏ కోర్సు, ఎక్కడ వసతి, ఏ బ్యాంకు ఖాతా, ఎవరు బాధ్యులు అన్నది రాతపూర్వకంగా నిర్ణయించాలి. బాధ్యుల పేరు రాసే చోట ఏదో ఒక హోదాను రాసి వదలకండి. ఆ పిల్లను పెంచిన హోం అమ్మ ఒప్పుకుంటే ఆమె పేరే రాసి, ఆ పనికి ఆమె వెచ్చించే గంటలను ఉద్యోగంలో భాగంగా లెక్కించి, ప్రయాణ ఖర్చులు ఇవ్వండి.