నడినెత్తిన జుట్టు తెగుతోందా? దువ్వెనను తిట్టుకుని ఊరుకోకండి

(తెర మీద: నల్లజాతి మహిళ నడినెత్తి, బాగా దగ్గరగా)

ఈ చర్మం నున్నగా మెరుస్తోంది, చూశారా? మామూలుగా జుట్టు పలచబడితే వెంట్రుక మొలిచే సన్నని రంధ్రాలు మిగిలే ఉంటాయి. ఇక్కడ అవి కూడా పూడిపోయాయి. వాపు వల్ల కుదుళ్లు చచ్చిపోయి, వాటి చోట మచ్చ కట్టింది. వైద్యులు దీన్ని సీసీసీఏ (సెంట్రల్ సెంట్రిఫ్యూగల్ సికాట్రిషియల్ అలొపేషియా) అంటారు, అంటే నడినెత్తి నుంచి బయటికి పాకుతూ మచ్చ కట్టే జుట్టు రాలుడు. ఆఫ్రికా మూలాలున్న మహిళల్లో, ముఖ్యంగా నడివయసులో, ఎక్కువగా కనిపిస్తుంది. నడినెత్తిన మొదలై చుట్టూ పాకుతుంది.

(తెర మీద: పొయ్యి మీద కాలుతున్న ఇనుప దువ్వెన)

1968లో అమెరికా వైద్యులు దీనికి 'హాట్ కోంబ్ అలొపేషియా' అని పేరు పెట్టారు. జుట్టు సాఫు చేసుకునే వేడి దువ్వెనే కారణమన్నారు. ఆ దువ్వెన ముట్టని వాళ్లకూ జబ్బు వస్తోందని తర్వాత తేలింది. అయినా నింద మాత్రం చాలాకాలం ఆడవాళ్లనే వెంటాడింది. చేజేతులా చేసుకున్నావని అనిపించుకున్న మనిషి మళ్లీ ఆసుపత్రి గడప తొక్కుతుందా? ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే ఈ జబ్బులో ఆలస్యమైతే పోయిన కుదురు తిరిగి రాదు.

2019లో వెలువడిన పరిశోధనలో, పరీక్షించిన రోగుల్లో దాదాపు నాలుగో వంతు మందికి వెంట్రుక కాడ నిర్మాణంలో పాత్ర ఉన్న పీఏడీఐ3 జన్యువులో మార్పులు కనిపించాయి. బిగించి అల్లే జడలు, రసాయనాలు జబ్బును ముదర్చవచ్చు. అంతమాత్రాన నేరమంతా వాటిదే కాదు.

(తెర మీద: చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోపులో వెంట్రుక మొదలు, దాని చుట్టూ తెల్లని వలయం)

తొలి గుర్తు బట్టతల కాదు. నడినెత్తిన వెంట్రుకలు పొట్టిగా తెగిపోతుంటాయి. దురద, మంట, దువ్వితే నొప్పి ఉండవచ్చు. కొందరికి ఏ బాధా ఉండదు. చర్మవైద్యులు ఇలాంటి తెల్లని వలయం ఉన్న చోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.

చికిత్స లక్ష్యం మిగిలిన జుట్టును కాపాడుకోవడం. వాపు తగ్గడానికి క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్ పూత, తలచర్మంలోకి ట్రయామ్సినలోన్ ఇంజెక్షన్లు, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు ఇస్తారు. బతికున్న కుదుళ్లకు జుట్టు పెరగడానికి వాడే మందు మినాక్సిడిల్ తోడవుతుంది. జుట్టు మార్పిడి గురించి ఆలోచించేది జబ్బు కనీసం ఏడాది పాటు సద్దుమణిగాకే. మచ్చ మీద నాటినవన్నీ బతుకుతాయన్న హామీ లేదు.

ఇంకో మాట. ఈ జబ్బున్న నల్లజాతి మహిళల్లో గర్భాశయ ఫైబ్రాయిడ్లు (క్యాన్సర్ కాని గడ్డలు) ఎక్కువని 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు గుర్తించారు. నెలసరి రక్తస్రావం అధికంగా ఉంటే ఆ సంగతి కూడా వైద్యులకు చెప్పండి. పరీక్షకు వెళ్లేటప్పుడు విగ్గు, అతుకుజుట్టు తీసేసి, జడలు విప్పుకుని వెళ్లండి. తలచర్మం స్పష్టంగా కనబడాలి.